రాత్రి డ్యూటీలో ఎందరు?

మాదాపూర్ నుంచి గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ దాకా పోతే సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల భవనాల నడుమ పెద్ద పెద్ద ఆసుపత్రులు వరసగా కనిపిస్తాయి. కాంటినెంటల్, ఏఐజీ, యశోద, కేర్, మెడికవర్, కొండాపూర్ కిమ్స్. వాటి మధ్యనే కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2020లో కొవిడ్ కోసం గచ్చిబౌలి స్టేడియం దగ్గరి టవర్‌లో పెట్టిన టిమ్స్ ఆసుపత్రి కూడా ఈ దారిలోదే. దారి పొడవునా హోర్డింగుల మీద డాక్టర్ల ఫొటోలు ఉంటాయి. రోగి పక్కన పగలూ రాత్రీ ఉండే నర్సు ఊసు ఎక్కడా ఉండదు.

ఆసుపత్రిలో నాణ్యతను ఎవరు నిలబెడతారన్న ప్రశ్నను ఇక్కడ ఇద్దరి నోట వినిపిస్తున్నాను. అత్తమ్మ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరై, తర్వాత కొన్నేళ్లు కార్పొరేట్ ఆసుపత్రిలో చేసిన మనిషి. మేనల్లుడు ఇంజినీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, ఇప్పుడు ఈ దారిలోనే ఒక ఆసుపత్రిలో క్వాలిటీ విభాగం చూస్తున్నాడు. ఇద్దరూ కల్పిత పాత్రలే. వాళ్లు ఎత్తే చట్టాలు, తీర్పులు, అధ్యయనాలు మాత్రం నిజమైనవి.

మేనల్లుడు: అత్తమ్మా, నీతో నాకున్న పేచీ ఒక్కటే. నర్సింగ్ బాగుపడాలంటే ఏం చేయాలని ఎప్పుడడిగినా మనుషులు కావాలంటావు. పద్ధతి లేకపోతే ఎందరుండి ఏం లాభం? ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములుంటారు. పన్నెండో బెడ్ లక్ష్మికి ఇవ్వాల్సిన ఇన్సులిన్ పద్నాలుగో బెడ్ లక్ష్మికి పోతుంది. నలుగురు సిస్టర్లున్నా ఆ తప్పు జరుగుతుంది, పదిమందున్నా జరుగుతుంది. చేతికి బ్యాండ్ వేసి, మందిచ్చే ముందు పేరూ, ఆసుపత్రి ఇచ్చిన యూహెచ్‌ఐడీ నంబరూ రెండూ చూడాలి, బెడ్ నంబరు చూసి ఇవ్వొద్దు అని నియమం పెట్టి పాటిస్తేనే ఆగుతుంది.

అత్తమ్మ: ఆ నియమం నేనూ పెట్టించాను బిడ్డా, మంచి నియమం. కానీ రాత్రి తొమ్మిదింటి మందుల వేళ వార్డులోకి వచ్చి చూడు. ఒక్క సిస్టర్‌కి పదిమంది పేషెంట్లు. ఒక్కొక్కరికి తలా అయిదు మందులు వేసుకో, మాత్రలూ ఇంజెక్షన్లూ కలిపి. యాభై. పేరడిగి, బ్యాండ్ చూసి, చార్టు చూసి, లేబుల్ చదివి, ఇచ్చి, సంతకం పెట్టడానికి మందుకు రెండు నిమిషాలు. అంటే వంద నిమిషాలు. ఈలోపు ఎమర్జెన్సీ నుంచి కొత్త అడ్మిషన్ వస్తుంది. ఏడో బెడ్‌లో ఐవీ ఆగిపోతుంది. మూడో బెడ్ అటెండెంట్ వచ్చి, డాక్టర్ ఎప్పుడొస్తారని నిలబడతాడు. నీ నియమం గోడ మీద ఉంటుంది. దాన్ని పాటించే నిమిషాలు ఆ అమ్మాయి చేతిలో ఉండవు.

మేనల్లుడు: అందుకే కదా బార్‌కోడ్లు తెచ్చాం. బ్యాండ్ స్కాన్ చేసి, మందు స్కాన్ చేస్తే తేడా ఉన్న చోట మెషినే ఆపేస్తుంది. నువ్వు పాత రోజులు తలుచుకుని మమ్మల్ని తప్పు పడతావు గానీ, ఆ పాత వార్డుల్లో ఏం జరిగిందో ఎవరైనా రాసిపెట్టారా? ఎంతమందికి నడుం కింద పుండ్లు పడ్డాయి, ఎందరు బాత్రూం దారిలో పడిపోయారు, ఎందరికి గొట్టాల వల్ల ఇన్ఫెక్షన్ వచ్చింది, ఎవరికీ తెలీదు. పుండు పడితే పేషెంట్ కర్మ అన్నారు. ఇప్పుడు ప్రతి బెడ్‌సోర్‌కీ ఒక రిపోర్టు రాయాలి. ఏ రోజు పడింది, ఎంత లోతు, అంతకు ముందు రెండు గంటలకోసారి తిప్పారా లేదా, అన్నీ అందులో ఉంటాయి. లెక్క పెట్టడం మొదలైంది కాబట్టే అది మన తప్పని ఒప్పుకున్నాం.

అత్తమ్మ: ఆ మాటకు నేను తలొంచుతాను. ఉస్మానియాలో, గాంధీలో మేం చూసిన బెడ్‌సోర్లకు రిజిస్టరు లేదు. ఒక వార్డుకు ఇద్దరు సిస్టర్లం ఉన్న రాత్రులవి. తిప్పాల్సిన మనిషిని కూతురో కోడలో తిప్పేది. మేం చేయలేదని సిగ్గుపడాల్సిన రోజులే.

మేనల్లుడు: అయినా లెక్కలంటే నర్సింగ్‌కు పరాయివి కావు కదా. క్రిమియా యుద్ధంలో స్కుటారి ఆసుపత్రిలో సైనికులు గాయాల కన్నా జబ్బులతో ఎక్కువమంది చస్తున్నారని అంకెలతో, బొమ్మలతో చూపించింది ఫ్లారెన్స్ నైటింగేలే. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆమె. ఆమె ఫొటో ప్రతి నర్సింగ్ స్కూల్లో దీపంతో పెడతారు. ఆమె చేతిలో పట్టికలు కూడా పెట్టాలి.

అత్తమ్మ: పెట్టు, సంతోషం. ఆమె పట్టికల్లో అంకెలు నిజమైనవి కాబట్టి ప్రభుత్వం కదిలింది. నీ పట్టికల సంగతి చెప్పనా? ఏ వార్డుకైనా పోయి పేషెంట్ల చార్టులు ముప్ఫై తియ్యి. శ్వాస నిమిషానికి ఎంత అన్న గడిలో ఏముంటుంది?

మేనల్లుడు: ఇరవై.

అత్తమ్మ: ముప్ఫై మందికీ ఇరవయ్యే. న్యుమోనియా ముసలాయనకూ ఇరవై, అపెండిక్స్ ఆపరేషన్ అయిన పిల్లవాడికీ ఇరవై. ఎందుకు? శ్వాస లెక్కపెట్టాలంటే గడియారం చూస్తూ ఒక నిమిషం రోగి ఛాతీ మీద కన్నేసి నిలబడాలి. ఆ నిమిషం లేదు. బీపీ, పల్స్, ఆక్సిజన్ మెషిన్ చెప్తుంది, శ్వాస మనిషి లెక్కపెట్టాలి. మనిషి పరిస్థితి దిగజారుతోందని ముందుగా తెలిపే గుర్తుల్లో శ్వాస వేగం ఒకటి. బ్రిటన్‌లో 2012 నుంచి వాడుతున్న హెచ్చరిక స్కోరులో దానికి గట్టి చోటుంది. మన చార్టుల్లో అది రాత మాత్రమే. ఆ ఇరవైలన్నీ నీ కంప్యూటర్లోకి పోయి, నీ డాష్‌బోర్డు పచ్చగా వెలుగుతుంది.

మేనల్లుడు: ఆ సంగతి నాకు తెలుసు అత్తమ్మా. ఆడిట్‌లో దొరికితే ఇన్‌చార్జి సిస్టర్‌కి నోట్ పంపిస్తాం.

అత్తమ్మ: పంపిస్తే ఏమవుతుంది? మర్నాటి నుంచి కొందరికి పద్దెనిమిది, కొందరికి ఇరవై రెండు రాస్తారు. అబద్ధం ఇంకాస్త చదువు నేర్చుకుంటుంది, అంతే. ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ వాళ్లు వస్తున్నారంటే రెండు వారాల ముందు నుంచి పాత కేస్ షీట్లలో ఖాళీ గడులు నింపడానికి నర్సులను డ్యూటీ దిగాక కూడా కూర్చోబెట్టిన చోట నేను పని చేశాను. ఆ రెండు వారాలూ పేషెంట్లకు ఇంకా తక్కువ సమయం దొరికింది. నాణ్యత పేరు మీద నాణ్యతే తగ్గింది.

మేనల్లుడు: అది ఆ యాజమాన్యం తప్పు, ప్రమాణాలది కాదు. పద్ధతి పని చేస్తుందనడానికి మిషిగన్ చాలు. అక్కడ వందకు పైగా ఐసీయూల్లో డాక్టర్ పీటర్ ప్రోనోవోస్ట్ అయిదే అయిదు పనుల జాబితా పెట్టించాడు. పెద్ద నరంలో గొట్టం పెట్టే ముందు చేతులు కడగడం, రోగిని నిండా కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయడం, తొడ దగ్గర వీలైనంత వరకు పెట్టకపోవడం, అవసరం తీరగానే గొట్టం తీసేయడం. మూడు నెలలు తిరిగేసరికి ఆ ఐసీయూల్లో సగానికి పైగా గొట్టాల ఇన్ఫెక్షన్ సున్నా. 2006లో ప్రచురించారు. కొత్త మందు లేదు, కొత్త మెషిన్ లేదు, కాగితం మీద అయిదు గడులు.

అత్తమ్మ: అయిదు గడులు చదివావు, వాటి పక్కనున్నది చదవలేదు. ఆ గడులు ఎవరు టిక్ చేశారు?

మేనల్లుడు: నర్సులే.

అత్తమ్మ: డాక్టర్ ఒక మెట్టు దాటేస్తే ఏం చేయమన్నారు?

మేనల్లుడు: పని ఆపమన్నారు. అత్యవసరం కాకపోతే డాక్టర్‌ను ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు.

అత్తమ్మ: అదీ సంగతి. మీ ఆసుపత్రిలో ఒక ఇరవై మూడేళ్ల సిస్టర్, నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం పాసై ఏడాది కాలేదు, పేరున్న సర్జన్ చేతులు కడగకుండా డ్రెస్సింగ్ విప్పుతుంటే, సార్ ఆగండి అనగలదా? అన్నాక మర్నాడు ఆమె డ్యూటీ అదే వార్డులో ఉంటుందా? జాబితా తెచ్చుకున్నారు, అధికారం అక్కడే వదిలేశారు.

మేనల్లుడు: ...అనలేదు. ఒప్పుకుంటాను. మా దగ్గర అనామకంగా ఇన్సిడెంట్ రిపోర్ట్ రాసే వీలుంది. సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ పడిపోతే ఎవరి తప్పని ముందు అడగరు, ఎక్కడ సందు దొరికిందని అడుగుతారు. ఆ అలవాటు ఆసుపత్రికి తేవాలని వచ్చాను. నర్సులు రాస్తున్నారు కూడా. డాక్టర్ల మీద మాత్రం రాయరు.

అత్తమ్మ: రాయరు. ఎందుకంటే ఆ డాక్టర్ పేషెంట్లను తెస్తాడు, నర్సు తేదు. యాజమాన్యం లెక్కలో ఒకరు ఆదాయం, ఒకరు ఖర్చు. ఇప్పుడు నీ లెక్కల దగ్గరికే వద్దాం. మీ ముప్ఫై పడకల వార్డుకు ఎందరు నర్సులు?

మేనల్లుడు: పదిహేను మంది. ఇద్దరు పేషెంట్లకు ఒకరు. ఎవరడిగినా చూపించగల అంకె.

అత్తమ్మ: కాగితం తియ్యి. పదిహేను మంది, వారానికి నలభై ఎనిమిది గంటలు. ఏడు వందల ఇరవై గంటలు. వారానికి మొత్తం గంటలెన్ని? నూట అరవై ఎనిమిది. భాగించు.

మేనల్లుడు: నాలుగు పాయింట్ మూడు.

అత్తమ్మ: అంటే ఎవరూ సెలవు పెట్టకపోతే, ఎవరికీ జ్వరం రాకపోతే, ఎవరూ ట్రైనింగ్‌కు పోకపోతే, ఏ సమయంలో చూసినా వార్డులో నలుగురు. సెలవులు తీసేస్తే ముగ్గురు, నలుగురు. ఉదయం డాక్టర్ల రౌండ్లు, ఆపరేషన్లు, డిశ్చార్జిలు ఉంటాయి కాబట్టి ఇన్‌చార్జి ఉదయం షిఫ్టుకు ఎక్కువమందిని వేస్తుంది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ముగ్గురు. ఒకరు పేషెంట్‌ను తీసుకుని సీటీ స్కాన్‌కు పోతారు. ఒకరు కొత్త అడ్మిషన్ దగ్గర ఉంటారు. అర్ధరాత్రి ఒంటిగంటకు ముప్ఫై మందికి ఒక్క సిస్టర్. నీ కాగితం మీద మాత్రం ఇద్దరికి ఒకరు. ఎప్పుడూ అయిదుగురు నిలబడాలంటే ఎందరు కావాలో నేనే చెప్తాను. అయిదింటు నూట అరవై ఎనిమిది, ఎనిమిది వందల నలభై గంటలు. నలభై ఎనిమిదితో భాగిస్తే పదిహేడున్నర మంది. సెలవులకని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన ముప్ఫై శాతం కలిపితే ఇరవై ముగ్గురు. మీకున్నది పదిహేను.

మేనల్లుడు: రోగి–నర్సు నిష్పత్తి ఎన్‌ఏబీహెచ్ సూచికల్లో ఉంది అత్తమ్మా. మేం ప్రతి నెలా పంపిస్తాం.

అత్తమ్మ: నెల సగటు పంపిస్తారు. పేషెంట్ సగటు మీద పడుకోడు, ఒక రాత్రి మీద పడుకుంటాడు. దసరా సెలవుల రాత్రి, ముగ్గురు ఒకేసారి రాజీనామా ఇచ్చిన వారం రాత్రి ఎంతో అది చెప్పు.

ఇక్కడ నేను ఒక మాట కలుపుతాను. ఈ లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు, అయినా ఆసుపత్రులలో చేరేటప్పుడు మనం వేసుకోం. గదికి ఎంత, ఏసీ ఉందా, క్యాష్‌లెస్ అవుతుందా అని అడుగుతాం. నర్సులు చాలని చోట ఆ పని చేసేది మనమే. రాత్రంతా తల్లి మంచం పక్కన కుర్చీలో కూర్చుని, సెలైన్ అయిపోగానే పరుగెత్తి చెప్పే కొడుకు జీతం లేని నర్సు. పొద్దున్నే లాగిన్ అవ్వాల్సిన ఉద్యోగం ఉన్న ఈ ఐటీ దారిలో ఆ కుర్చీలో కూర్చునే వాళ్లు రోజురోజుకూ తగ్గుతున్నారు. ఊళ్లో ఉండే ముసలివాళ్లను ఇక్కడికి తెచ్చి చేర్పించి, ఆఫీసుకు పోయే పిల్లలు ఎందరో. కరీంనగర్ నుంచి వచ్చిన ఆ అవ్వకు తెలుగు తప్ప రాదు, ఆమె పక్కనున్న సిస్టర్‌కు చాలాసార్లు తెలుగు రాదు. నొప్పి పదికి ఎంతమ్మా అని అడిగే ప్రశ్న ఇద్దరి మధ్యా నిలిచిపోతుంది. కుటుంబం చేసే నర్సింగ్ ఇక దొరకదని ఒప్పుకోకుండా నాణ్యత గురించి మాట్లాడటం ఉత్త మాటే అవుతుంది.

మేనల్లుడు: ఎక్కువమంది నర్సులుంటే మంచిదని ఎవరికి తెలీదు? ఎంత మంచిది, దాని ఖర్చుకు తగినంతా, అది చెప్పు. యాజమాన్యం ముందు కూర్చున్నప్పుడు నాకు కావాల్సింది అది.

అత్తమ్మ: చెప్తాను, రాసుకో. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సు ప్రొఫెసర్ పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులు చూసింది. ఆపరేషన్ అయిన రోగులు ముప్ఫై రోజుల్లో చనిపోయే అవకాశం, నర్సుకు ఒక్కో పేషెంట్ అదనంగా పెరిగే కొద్దీ 7 శాతం చొప్పున పెరిగింది. 2002లో వచ్చింది. 2014లో యూరప్‌లో తొమ్మిది దేశాల్లో నాలుగు లక్షలకు పైగా రోగుల మీద చూస్తే మళ్లీ అదే 7 శాతం. ఇక ఖర్చు అడిగావు కదా. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో చట్టం చేసింది, పగలు నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు. అదనపు నర్సులకు అయిన ఖర్చు 3.3 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. రోగులు తొందరగా ఇంటికి పోవడం, మళ్లీ వచ్చి చేరడం తగ్గడం వల్ల మిగిలింది 6.9 కోట్లు. 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నీ యాజమాన్యానికి ఈ రెండంకెలూ చూపించు.

మేనల్లుడు: క్వీన్స్‌లాండ్‌లో ఆ మిగులు ప్రభుత్వానిది. ఇక్కడ రోగి తొందరగా ఇంటికి పోతే మిగిలేది ఇన్సూరెన్స్ కంపెనీకి, ఆసుపత్రికి కాదు. ప్యాకేజీ కాని కేసుల్లో రోజులు తగ్గితే ఆసుపత్రి ఆదాయమే తగ్గుతుంది. ఇంత చేదుగా చెప్తున్నందుకు ఏమనుకోకు. నేను కూర్చునే గదిలో లెక్క ఇలాగే నడుస్తుంది.

అత్తమ్మ: చేదైనా నిజమే చెప్పావు. అందుకే ఇది ఆసుపత్రుల మంచితనానికి వదిలేసే విషయం కాదంటున్నాను. బ్రిటన్‌లో స్టాఫర్డ్ ఆసుపత్రి తెలుసు కదా? పెద్ద హోదా ఒకటి తెచ్చుకోవాలని ఖర్చు తగ్గించారు, నూట యాభైకి పైగా ఉద్యోగాలు పోయాయి. పై నుంచి ఎమర్జెన్సీకి నాలుగు గంటల టార్గెట్. కాగితాల మీద అంతా సవ్యం. 2008లో కోరుకున్న హోదా కూడా వచ్చింది. అదే ఏళ్లలో అక్కడి వార్డుల్లో మంచినీళ్లిచ్చే దిక్కులేక, పక్క బట్టలు మార్చే వాళ్లు లేక ముసలివాళ్లు అల్లాడారు. తల్లిని పోగొట్టుకున్న ఒక ఆడమనిషి ఆందోళన మొదలుపెడితే గానీ బయటికి రాలేదు. 2013లో రాబర్ట్ ఫ్రాన్సిస్ నివేదిక వచ్చింది, 290 సిఫారసులతో. డబ్బుకు కొదవ లేని, లెక్కలు రాయడం బాగా తెలిసిన దేశంలో జరిగింది ఇది.

మేనల్లుడు: ఆ నివేదిక చదివాను. అందులో నాకు ఇంకోటి కనిపించింది. ఫిర్యాదులు, మరణాల అంకెలు అన్నీ ఎక్కడో ఒకచోట ఉన్నాయి. చూడాల్సిన వాళ్లు చూడలేదు. లెక్క పెట్టొద్దన్న పాఠం నేను అక్కడ నేర్చుకోలేదు అత్తమ్మా.

అత్తమ్మ: నేనూ వద్దనడం లేదు. ముందు మనుషుల్ని లెక్కపెట్టు అంటున్నాను.

మేనల్లుడు: మనుషులు ఎక్కడున్నారు? పోయిన ఏడు చేర్చుకున్న వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఒకరు జర్మన్ నేర్చుకుంటున్నారు, ఒకరు గల్ఫ్ వీసా కోసం చూస్తున్నారు, ఒకరు ఎయిమ్స్ పరీక్షకు చదువుతున్నారు. ప్రభుత్వ సంస్థ టామ్‌కామే జర్మనీకి పంపడానికి శిక్షణ ఇస్తోంది. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో ముఖ్యమంత్రి 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చారు. మంచిదే. ప్రైవేటులో చేస్తూ ఆ పరీక్ష రాసిన వాళ్లు ఉద్యోగం వదిలి వెళ్లారు. మేం చేతులు కడగడం నుంచి వెంటిలేటర్ దాకా నేర్పిన అమ్మాయి చేయి తిరిగేసరికి వెళ్లిపోతుంది. అందుకే మనిషి మారినా పని చెడకుండా పద్ధతి ఉండాలంటాను. నువ్వు అనుభవం అంటావు. అనుభవం మా దగ్గర ఏడాదిన్నర కన్నా నిలవదు.

అత్తమ్మ: ఎందుకు నిలవదో అడిగావా వాళ్లను? తెలంగాణ ప్రభుత్వ నర్సు జీతం ఎంత, మీ దగ్గర అదే పని చేసే అమ్మాయి జీతం ఎంత? 2016 జనవరి 29న సుప్రీంకోర్టు చెప్పింది, ప్రైవేటు నర్సుల జీతాల మీద కమిటీ వేయమని. కమిటీ వేశారు, సిఫారసు చేశారు. రెండు వందల పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. వంద నుంచి రెండు వందల పడకలుంటే పది శాతానికి మించి తగ్గకూడదు. యాభై నుంచి వంద ఉంటే పాతిక శాతానికి మించి తగ్గకూడదు. యాభై లోపైతే ఇరవై వేలకు తగ్గొద్దు. అమలు చేసే పని రాష్ట్రాలకు వదిలారు. కేరళలో నర్సులు రోడ్డెక్కి కొట్లాడితే 2018లో అక్కడి ప్రభుత్వం కనీస వేతనం ఇరవై వేలు చేసింది. మన దగ్గర అమ్మాయిలు కొట్లాడరు, పాస్‌పోర్టు తీసుకుంటారు. వాళ్లను తప్పు పట్టను. పేషెంట్ బిల్లులో నర్సింగ్ చార్జీలని రోజుకింత వేస్తారు కదా మీరు. ఆ వరస చూసినప్పుడల్లా ఆ డబ్బులో ఎంత నర్సుకు చేరింది, ఎంతసేపటి నర్సింగ్ ఆ రోగికి చేరింది అని అడగాలనిపిస్తుంది.

మేనల్లుడు: ...

అత్తమ్మ: టిమ్స్ సంగతి నీకు గుర్తుండాలి, నీ ఆఫీసు కిటికీలోంచి కనిపించే భవనమే. 2020 ఏప్రిల్‌లో స్టేడియం టవర్‌ను కొన్ని వారాల్లో పదిహేను వందల పడకల ఆసుపత్రి చేశారు. మంచాలు వచ్చాయి, ఆక్సిజన్ పైపులు వచ్చాయి. రోగుల్ని చేర్చుకోవడం మొదలైంది జులైలో. మధ్యలో కావాల్సి వచ్చింది డాక్టర్లూ నర్సులూ. మంచం పడక అయ్యేది నర్సు నిలబడ్డాకే. ఆ కొవిడ్ రోజుల్లో రాష్ట్రంలో ఔట్‌సోర్సింగ్ మీద తీసుకున్న నర్సుల్లో 1,600 మందికి పైగా 2021 జులైలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. పీపీఈ కిట్లలో చెమటలు కార్చిన పిల్లలు రోడ్డు మీద కూర్చున్నారు. రేపు మళ్లీ అవసరం వస్తే ఏ ధైర్యంతో పిలుస్తాం వాళ్లను?

మేనల్లుడు: సరే అత్తమ్మా. జీతం, చట్టం నా చేతిలో లేవు. నా చేతిలో ఉన్నది అడుగుతున్నాను. రేపు ఆసుపత్రికి పోయి ఒక్క మార్పు చేయించగలిగితే ఏది చేయించమంటావు?

అత్తమ్మ: మంచం మూసే అధికారం నర్సింగ్ సూపరింటెండెంట్‌కి ఇప్పించు. ఈ రాత్రి ఈ వార్డులో నాకు ముగ్గురే ఉన్నారు, ఇరవై మందిని మించి చూడలేను, మిగతా పది పడకలు రేపటి దాకా ఖాళీగా ఉంటాయి అని ఆమె రాస్తే అది చెల్లాలి. అడ్మిషన్ కౌంటర్ గానీ, మార్కెటింగ్ వాళ్లు గానీ, సర్జన్ గానీ దాన్ని దాటకూడదు. పడకలకు తగ్గ నర్సులు లేనప్పుడు ఇప్పుడేం చేస్తున్నారు? ఉన్నవాళ్లనే సాగదీస్తున్నారు. ఆ సాగదీతకు ఖర్చు లేదు కాబట్టి ఎవరికీ పట్టదు. పది పడకలు ఖాళీగా ఉంటే మర్నాడు పొద్దున్నే ఎండీ గారు ఫోన్ చేసి ఎందుకని అడుగుతారు. అప్పుడు నర్సుల కొరత మొదటిసారి యాజమాన్యం సమస్య అవుతుంది.

మేనల్లుడు: ఒప్పుకోను. గుండెపోటు వచ్చిన మనిషి అంబులెన్స్‌లో బయట ఉంటాడు, లోపల పడక ఖాళీ ఉంటుంది, నర్సింగ్ సూపరింటెండెంట్ వద్దంటుంది. అతను ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో చనిపోతే ఎవరిది పాపం? పదిమందికి ఒక నర్సు తక్కువే. సున్నా నర్సు కన్నా నయం కదా!

అత్తమ్మ: గుండెపోటు వచ్చినవాణ్ని ఎవరాపుతారు? ఎమర్జెన్సీ తలుపు మూయమనలేదు నేను. వార్డులో రాత్రికి నిండేది ఎవరితో? రేపు మోకాలి ఆపరేషన్ ఉన్నవాళ్లు, కడుపు పరీక్షలకు వచ్చినవాళ్లు, ఇన్సూరెన్స్ అప్రూవల్ కోసం ఎదురు చూస్తున్నవాళ్లు. మోకాలి ఆపరేషన్ రెండు రోజులు ఆగితే ఎవరూ పోరు. డిశ్చార్జి రాసిన పేషెంట్ బిల్లు సెటిల్ కాక సాయంత్రం దాకా మంచం మీదే ఉంటాడు, అతని బీపీ కూడా ఆ సిస్టరే చూడాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో బీమా కంపెనీలను మూడు గంటల్లో తేల్చమంది. ఆ గడువు నిలబెట్టు, నీకు ప్రతి వార్డులో రెండు మూడు పడకలు దొరుకుతాయి. ఇండెంట్లు, ఫార్మసీ రిటర్నులు, ఇన్సూరెన్స్ టీపీఏ కాగితాలు, హౌస్ కీపింగ్ ఫోన్లు ఇన్‌చార్జి సిస్టర్ మీద నుంచి తీసి ఒక వార్డు క్లర్కుకు ఇవ్వు. ఆమె వార్డులో తిరిగి, కొత్త అమ్మాయి పక్కన నిలబడి శ్వాస ఎలా లెక్కపెట్టాలో నేర్పుతుంది.

మేనల్లుడు: క్లర్కు సంగతి చేయిస్తాను, ఆ ఖర్చు చిన్నది. నిష్పత్తిని సగటుగా కాకుండా షిఫ్టు వారీగా, తక్కువున్న రాత్రితో సహా నెలవారీ రిపోర్టులో పెడతాను. మంచం మూసే అధికారం మాత్రం అడగలేను. అడిగితే, నా ఉద్యోగం ఉన్నా నా మాట ఉండదు. ఒక ఆసుపత్రి మూస్తే సర్జన్ తన పేషెంట్లను తీసుకుని ఎదురుగా ఉన్న ఆసుపత్రికి పోతాడు. అన్నీ కలిసి చేస్తే తప్ప ఒక్కటి చేయలేదు.

అత్తమ్మ: అన్నీ కలిసి చేయించేది ప్రభుత్వం. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేసింది. అక్కడా ఆసుపత్రుల వాళ్లు మూతపడతామన్నారు. నీ మాట విన్నాక నాకు ఇంకా గట్టిగా అనిపిస్తోంది, ఇది నీతో నేను తేల్చుకునే విషయం కాదు.

వీళ్లిద్దరిలో నేను అత్తమ్మ వైపే ఉన్నాను. మేనల్లుడి కొలతలు లేకపోతే పాత వార్డుల చీకట్లోకి తిరిగి పోతామన్నది నిజం. కానీ అన్నీ కొలిచి, నర్సుల సంఖ్యను మాత్రం సగటు చాటున దాచినంత కాలం మిగతా కొలతలను నమ్మలేం. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. అది చదువులను, రిజిస్ట్రేషన్లను చూస్తుంది. రాత్రి వార్డులో ఎందరుండాలో చెప్పి, లేకపోతే శిక్షించే చట్టం మనకింకా లేదు. 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తెలంగాణ స్వీకరించింది. ఆ చట్టం కింద 2012లో వచ్చిన కేంద్ర నియమాలు ఆసుపత్రి తన ధరలను అందరికీ కనిపించేలా స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ పెట్టాలంటాయి. ధరల బోర్డు పక్కనే ఇంకో బోర్డు పెట్టించడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. ప్రతి వార్డు తలుపు మీద, ప్రతి షిఫ్టుకూ, ఈ పూట ఇక్కడ ఇందరు రోగులు, ఇందరు నర్సులు అని రాయాలి. రాష్ట్ర ప్రభుత్వం ముందు కొండాపూర్‌లో, తన ఇతర ఆసుపత్రుల్లో అది మొదలుపెట్టి, తర్వాత ఈ దారిలోని ప్రతి కార్పొరేట్ ఆసుపత్రికీ తప్పనిసరి చేయాలి.

అప్పటిదాకా చదువరికి నా విన్నపం ఒకటి. మీ వాళ్లను ఏ ఆసుపత్రిలో చేర్చినా, గది అద్దె అడిగిన కౌంటర్‌లోనే అడగండి: ఈ రాత్రి ఈ వార్డులో ఎందరు రోగులకు ఎందరు నర్సులు? జవాబు రాకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్‌ను పిలిపించి అడగండి.